పాత సైడ్ బై సైడ్ బండి కొనేముందు జాగ్రత్తలు

సైడ్ బై సైడ్ అంటే ఇద్దరు పక్కపక్కన కూర్చుని మట్టిదారుల్లో నడిపే నాలుగు చక్రాల బండి. పొలం పనికైనా సరదాకైనా, విశాఖలో ఈ బండి చూడబోతే ముందు కింద పడుకుని టార్చి వేసి ఫ్రేము చూడండి. తీరంలో తిరిగిన బండిని ఉప్పుగాలి వెల్డింగు అతుకుల దగ్గరే తినేస్తుంది. అడుగున కొత్త పెయింటు కనిపిస్తే స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడాల్సిందే.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే వేడెక్కి ఉంటే, చల్లారేదాకా ఆగండి. ఆయిల్ పాలటీ రంగులో ఉంటే అందులో నీళ్లు చేరినట్టే, ఇక బేరం వద్దు.

డ్రైవ్ బెల్టును, అంటే ఇంజిన్ శక్తిని గేర్‌బాక్సుకు అందించే రబ్బరు బెల్టును, తప్పక చూడాలి. కవరు విప్పించండి. అంచుల్లో పోగులు లేచినా, పక్కలు నున్నగా మెరుస్తున్నా, కాలిన రబ్బరు వాసనొచ్చినా బెల్టు మార్చాలి. బరువుతో హై గేరులో ఎత్తెక్కిస్తే బెల్టు జారి కాలిపోతుంది. అందుకే వెనక ట్రేలో స్టిక్కర్ మీదున్న పరిమితి దాటకుండా ఇసుక బస్తాలు వేసి, లో గేరులో మెట్ట ఎక్కించి చూడండి. దిగేటప్పుడు బ్రేకులు గమనించండి.

యాక్సిల్ కీళ్లను కప్పే రబ్బరు తొడుగులు (బూట్లు) చిరిగితే లోపలికి ఇసుక పోతుంది, మలుపులో టకటక శబ్దం వస్తుంది.

రోల్ కేజ్, అంటే బండి బోల్తా పడితే మనుషుల్ని కాపాడే గొట్టాల చట్రం, వంగినా, దానికి అతుకేసినా ఆ బండిని వదిలేయండి. సీటు బెల్టు, హెల్మెట్ లేకుండా నడపకండి. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల మీదకు మాత్రం తీసుకెళ్లకండి, అది భూవారసత్వ స్థలం. రిజిస్ట్రేషన్ లేని బండిని రోడ్డు మీద నడపకుండా ట్రక్కులో తరలించాలి.