శివరాత్రికి ముందు: పాత ఆటోమేటిక్ కారులో చెక్ లైట్ వెలిగితే

పాలమూరు నుంచి మన్ననూరు ఘాట్ మీదుగా శ్రీశైలం వెళ్లేవాళ్లు బయల్దేరే ముందే చూసుకోండి.

చెక్ లైట్ వెలిగితే మెకానిక్ స్కానర్ పెట్టి లోపం కోడ్ చదువుతాడు; ఆ కోడ్ ఒక్కటే చూసి గేర్‌బాక్స్ దించనివ్వకండి. పీ0700 అంటే గేర్‌బాక్స్ పోయిందని కాదు, ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) కంప్యూటర్‌లో అసలు కోడ్ వేరే ఉందని. ఇంజిన్ వరకే చదివే చవక స్కానర్‌లో అది కనబడదు. నల్గొండలోనో హైదరాబాద్‌లోనో ట్రాన్స్‌మిషన్ కూడా చదివే స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లండి, ఆ ఖర్చు దండగ కాదు.

కోడ్‌లు చెరపకముందే ఫోటో తీసుకోండి. చెరిపేస్తే లోపం ఏ వేగంలో, ఎంత వేడిలో వచ్చిందన్న వివరమూ పోతుంది.

బ్యాటరీ, ఇంజిన్ ఆపాక, 12.4 వోల్టుల కన్నా తక్కువ ఉంటే ముందు దాన్ని సరిచేయండి. వోల్టేజీ పడిపోతే లేని లోపానికీ కోడ్ రావచ్చు.

గేర్‌బాక్స్ ఆయిల్ మాడు వాసన వస్తే ఆ బండిని ఘాట్ ఎక్కించకండి.