స్టోర్ రూమ్‌లో దొరికిన సర్వర్

గాజువాక ఆటోనగర్‌లో మా కంపెనీ. ఓ సోమవారం పొద్దున్నే బిల్లింగ్ ఆగిపోయింది. బిల్లింగ్ నడిపే సర్వర్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) తెలుసు, మెషిన్ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. పెట్టినాయన ఎప్పుడో మానేశాడు. బయట లోడైన లారీ, లోపల ఒకటే టెన్షన్.

పింగ్ వెళ్తోంది, అంటే పిలిస్తే మెషిన్ పలుకుతోంది. ఏ ఐపీ ఏ మెషిన్‌దో చూపే ఏఆర్‌పీ టేబుల్‌లో దాని మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు నంబరు) పట్టుకుని, కేబుళ్లు కలిసే స్విచ్‌లో వెతికితే 17వ పోర్టు అని తేలింది. ఆ కేబుల్ వెంట వెళ్తే స్టోర్ రూమ్‌లో, అట్టపెట్టెల వెనక, ఫ్యాన్ నిండా దుమ్ముతో పాత డెస్క్‌టాప్! డిస్కు నిండిపోయింది. పాత లాగ్ ఫైళ్లు (మెషిన్ రాసుకునే చిట్టాలు) తీసేస్తే బిల్లు కదిలింది.

తర్వాత ప్రతి కేబుల్‌కీ రెండు కొసలా లేబుల్ అంటించాను. ఎక్సెల్‌లో మెషిన్, ఐపీ, ఏం నడుస్తోంది, అది ఆగితే ఇంకేం ఆగుతుంది అని రాశాను. ఈ చివరి కాలమ్ గోడౌన్ వాళ్లని అడిగితే గానీ తేలలేదు. పాస్‌వర్డులు అందులో పెట్టలేదు.

2014 హుద్‌హుద్ తుఫానుకి రోజుల తరబడి కరెంటు లేని ఊరు మనది. అందుకే ఒక ప్రింటు రాక్ తలుపుకి అతికించాను.