లారీ కింద కడిగే ముందు జాగ్రత్తలు

భీమవరం వైపు రొయ్యల లోడు తిరిగే బండికి చక్రాల పైన ఉప్పునీళ్లు, నల్లమట్టి కలిసి పట్టేస్తాయి. ఎండితే రాయిలా బిగుస్తుంది, దాని వెనకే తుప్పు.

• చెరువు గట్టు మీద వద్దు, చదునైన గట్టి నేల చూసుకోండి. ఇంజన్ ఆపి తాళం మీ జేబులోనే ఉంచుకోండి. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి.

• జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరకండి. బండి బరువు మోసే స్టాండ్లు పెట్టాల్సిందే. తడి నేల మీద జాకీ జారడానికి క్షణం చాలు, ఇంట్లోవాళ్లు గుర్తుండాలి.

• సైలెన్సర్, బ్రేక్ డ్రమ్ములు చల్లారాలి.

• ప్రెషర్ నీళ్లు హబ్ సీళ్లకు (చక్రం మధ్యలో గ్రీజు కారకుండా ఆపేవి), వైరింగ్ కనెక్టర్లకు దగ్గరగా కొట్టొద్దు.

• ఇరుక్కున్న గడ్డిని చేత్తో లాగొద్దు, కర్రతో లాగండి. పాములుంటాయి.

• కాలువలో దింపి కడగొద్దు. ఆ నీళ్లే ఊరి మంచినీళ్ల చెరువుకు పోతాయి.