టీవీని కంప్యూటర్ మానిటర్‌గా పెట్టే ముందు జాగ్రత్తలు

ముందు టీవీ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబర్ చూసి, రిజల్యూషన్ (తెర మీద అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలున్నాయో) ఎంతో కనుక్కోండి. చాలా 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీలు 1366×768 మాత్రమే. సినిమాకి చాలు గానీ, ఎక్సెల్‌లో అంకెలు చదవాలంటే కళ్లు లాగేస్తాయి. రోజంతా పని చేసేవాళ్లకి 43 అంగుళాల 4కే నయం. అందులోనూ కంప్యూటర్ వైరు పెట్టే హెచ్‌డీఎంఐ పోర్టు 2.0 రకం ఉండాలి. 1.4 అయితే 4కేలో సెకనుకి 30 ఫ్రేములే వస్తాయి, మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతుంది.

కలిపాక నాలుగు అంచులూ చూడండి. స్టార్ట్ బటన్ సగం తెగిపోయి కనిపిస్తే అది ఓవర్‌స్కాన్, అంటే టీవీ బొమ్మని కాస్త పెద్దది చేసి అంచులు కోసేస్తోంది. టీవీ పిక్చర్ సైజులో 'జస్ట్ స్కాన్' లేదా 'స్క్రీన్ ఫిట్' పెట్టండి. అక్షరాల చుట్టూ రంగు మరకలుంటే ఇన్‌పుట్ పేరు 'పీసీ' అని మార్చి, షార్ప్‌నెస్ తగ్గించి చూడండి.

ఓలెడ్ రకం తెర అయితే టాస్క్‌బార్ దాచేయండి, కదలకుండా ఒకేచోట ఉండే బొమ్మ వల్ల తెర మీద మచ్చ పడొచ్చు.

మన కోనసీమలో నాకు అసలు టెన్షన్ పిడుగులతోనే. ఉరుము వినకముందే, మబ్బు పట్టగానే ప్లగ్‌తో పాటు కేబుల్ టీవీ వైరు కూడా పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. ఆ వైరులోంచి వచ్చిన దెబ్బ హెచ్‌డీఎంఐ మీదుగా కంప్యూటర్‌దాకా వెళ్తుంది. మా ఇంట్లో ఒక పోర్టు అలాగే పోయింది. ప్లగ్ పాయింటుకి ఎర్త్ సరిగ్గా ఉందో లేదో కూడా ఎలక్ట్రీషియన్‌కి ముందే చూపించండి.