తెలుగు పోస్టరులో బాలూ తమ్ముడు ఫాంటును ఎలా వాడాలి?

బాలూ తమ్ముడు 2 ముంబయికి చెందిన ఏక్ టైప్ బృందం రూపొందించిన తెలుగు డిస్‌ప్లే ఫాంటు, అంటే పెద్ద సైజు శీర్షికలకు ఉద్దేశించినది. దీని అక్షరాలు బొద్దుగా, అంచులు మెత్తగా, కొంత కొంటెగా కనిపిస్తాయి. అయితే గీత లావైన కొద్దీ ఒత్తులు, గుణింతపు గుర్తులు ఇరుకున పడతాయి కనుక, శ్రద్ధ అక్కడే ఎక్కువ పెట్టాలి.

మొదట విషయం తగినదో కాదో తేల్చుకోవాలి. పిల్లల పుస్తకపు అట్ట, బడి వార్షికోత్సవ ఫ్లెక్సీ, టిఫిన్ సెంటర్ బోర్డు, చిరుతిళ్ళ ప్యాకెట్టు వంటి వాటిపై నాలుగైదు మాటల శీర్షికకు ఇది చక్కగా నప్పుతుంది. శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి మాత్రం వద్దు.

గూగుల్ ఫాంట్స్ నుంచి దీనిని ఉచితంగా దించుకోవచ్చు. ఓపెన్ ఫాంట్ లైసెన్సు ఉన్నందున వ్యాపార పనులకూ వాడవచ్చు. ఇది యూనికోడ్ ఫాంటు కాబట్టి, డీటీపీ కేంద్రంలో యూనికోడ్ కాని ‘అను’ రకం ఫాంట్లలో కొట్టిన పాఠ్యాన్ని ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

తరువాత ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘జ్యోత్స్న’ అని టైపు చేసి చూడండి. ఒత్తులు విడిపోయి పక్కన పడితే లోపం ఫాంటుది కాదు, ప్రోగ్రాముది. పాత ఫోటోషాప్‌లో అయితే టైప్ ప్రిఫరెన్సెస్‌లో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అనే ఎంపిక పెట్టుకోవాలి.

ఇందులో 400 నుంచి 800 వరకు అయిదు మందాలున్నాయి. అందరి చేయీ నేరుగా 800 మీదికే పోతుంది గానీ, చిన్న సైజులో ఆ మందం వల్ల ‘థ’ లోపలి చుక్క పూడుకుపోవచ్చు, ‘డ’కూ ‘ఢ’కూ తేడా చూపే కింది గీత కలిసిపోవచ్చు. అసలు సైజులో ఒక ముక్క ప్రింటు తీసి, చదువరి నిలబడే దూరం నుంచి చూసి, అవసరమైతే 700కో 600కో దిగాలి.

శీర్షిక రెండు వరుసలైతే, పై వరుసలోని ఒత్తులు కింది వరుసలోని గుడులకు తగలకుండా ఎడం పెంచాలి. ఎడం పెంచితే శీర్షిక రెండు ముక్కలైనట్టు కనిపించే చోట, వరుసను మరో మాట దగ్గర విరిచి చూడటమే మేలైన ఉపాయం. అక్షరాల మధ్య దూరాన్ని మాత్రం పెంచవద్దు. పెంచితే కొన్ని ప్రోగ్రాములలో గుణింతాలు చెదిరిపోతాయి.

చుట్టూ తెల్ల గీత, దాని వెనక నీడ, పైన బంగారు మెరుపు అనే మన ఫ్లెక్సీల అలవాటును ఇక్కడ మానుకోవాలి; ఇంత బరువైన అక్షరానికి ఒక్క నిండు రంగు చాలు. గీత తప్పనిసరైతే అక్షరం వెలుపలి అంచుకే పెట్టాలి.

తేదీ, చిరునామా వంటి వివరాలకు మండలి లేదా నోటో సాన్స్ తెలుగు అనే ఫాంటు వాడండి. సరిహద్దు ఊళ్ళలో కన్నడం కూడా రాయవలసిన బోర్డులకు ఇదే కుటుంబంలోని బాలూ తమ్మ ఉంది.

చివరగా, ప్రెస్సుకు పంపే ఫైలులో అక్షరాలను కర్వులుగా (టైపు చేసిన పాఠ్యంగా కాక, గీసిన ఆకారాలుగా) మార్చి, అక్షరదోషాలు దిద్దుకొనేందుకు వీలుగా మార్చని ప్రతిని మీ దగ్గర ఉంచుకోండి.