రోమన్ శాసనాలు చదువుదాం – 4వ పాఠం: మొక్కు రాయిలో అధికారి ఎవరో పట్టుకోవడం

పోయిన పాఠంలో పేరు ముందుండే ఒంటి అక్షరాల సంగతి చూశాం, ఎల్ ఉంటే లూసియస్, ఎం ఉంటే మార్కస్ అని. ఈసారి ఒక రాయి ముందు కూర్చుందాం. ఉత్తర బ్రిటన్‌లో రోమన్లు సరిహద్దుగా కట్టిన హేడ్రియన్ గోడ మీద బ్రొకొలీటియా అనే కోట ఉండేది. దాని పక్క చిత్తడి నేలలో 1949లో మిత్రా (రోమన్లు కొలిచిన ఒక దేవుడు) చిన్న గుడి బయటపడింది, 1950లో తవ్వారు. లోపల మూడు బలిపీఠాలు, అప్పుడెక్కడ పెట్టారో అక్కడే నిలబడి ఉన్నాయి. వాటిలో ఒకటి మనది.

పైనుంచి మొదలుపెట్టకండి, ముందు అడుగు వరస చూడండి. వి, ఎస్, ఎల్, ఎం. లాటిన్‌లో వోటుం సోల్విట్ లిబెన్స్ మెరిటో. తెలుగులో చెప్పాలంటే మొక్కు తీర్చుకున్నాడు, ఇష్టంగా, దేవుడికి తగినట్టుగా. ఈ నాలుగక్షరాలు కనిపిస్తే అది మొక్కు రాయి, సమాధి రాయి కాదు. కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే: మొదటి వరసలో డి, ఎం చూడగానే సమాధుల మీద ఉండే 'డిస్ మానిబుస్' (పితృదేవతలకు) అనుకుంటారు. కానీ మన రాయి మీద డి, ఐఎన్, ఎం, ఎస్ అని ఉంది, అంటే 'అజేయుడైన మిత్రా దేవుడికి అర్పితం'.

తర్వాత మనిషి. లూసియస్ ఆంటోనియస్ ప్రోకులస్. పేరు కింద పి-ఆర్-ఏ-ఈ-ఎఫ్, అంటే ప్రిఫెక్ట్, ఒక దళానికో ప్రాంతానికో పైఅధికారి. అక్కడితో ఆగిపోతే ఏమీ తెలియదు, దేనికి ప్రిఫెక్టో తర్వాతి మాట చెప్పాలి. ఇక్కడ ఆ మాట మొదటి బటావియన్ దళం (బటావియన్లు రైన్ నది దిగువ ప్రాంతపు తెగ), లెక్క ప్రకారం సుమారు 500 మంది. అదే పదవి యూదయలోని సిజేరియా పట్టణంలో 1961లో దొరికిన పగిలిన రాయి మీద చూడండి: పోంటియస్ పిలాతు (యేసుకు శిలువ శిక్ష వేసినవాడు), యూదయ ప్రిఫెక్ట్. అక్కడ అతను ఏకంగా ఒక రాష్ట్రాన్ని ఏలినవాడు. చరిత్రకారుడు టాసిటస్ పిలాతును ప్రొక్యురేటర్ (ఇంకో రకం పాలనాధికారి పదవి) అని రాశాడు, పిలాతు కాలంలోనే చెక్కిన రాయి మాత్రం ప్రిఫెక్ట్ అంటోంది. ఉద్యోగాల విషయంలో నేను ఎప్పుడూ రాయినే నమ్ముతాను.

మన రాయిలో దళం పేరు తర్వాత 'ఆంటోనినియానే' అని ఇంకో మాట ఉంది. కారకల్లా, ఎలగబాలస్ చక్రవర్తుల కాలంలో దళాలకు ఇచ్చిన బిరుదు అది, అందుకే సంవత్సరం చెక్కకపోయినా ఈ రాయి క్రీ.శ. 213–222 మధ్యది అని చెప్పగలుగుతున్నారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. దీన్ని చూసి కోటలో సైనికులంతా మిత్రా భక్తులని రాసేయకండి. మూడు పీఠాలూ ప్రిఫెక్టులు పెట్టించినవే, రాయి చెక్కించే స్తోమత ఉన్నవాళ్ల మొక్కులే మన దాకా వచ్చాయి. మామూలు సైనికుడు ఏం మొక్కుకున్నాడో ఈ పీఠాలు చెప్పవు.

ఇంటిపని: ఇంకో పీఠం మీద మిత్రా తల చుట్టూ కిరణాలకు బెజ్జాలు ఉన్నాయి, వెనక దీపం పెడితే అవి వెలుగుతాయి. దాని మీద మార్కస్ సింప్లీసియస్ సింప్లెక్స్, ప్రిఫెక్ట్, చివర వి, ఎస్, ఎల్, ఎం. దళం పేరు లేదు. అతను దేనికి ప్రిఫెక్టో ఎలా తేలుస్తారు, ఎంత నమ్మకంగా చెప్పగలరు? రెండు వాక్యాల్లో రాసి ఉంచుకోండి, వచ్చే పాఠం అక్కణ్నుంచే మొదలుపెడదాం.