షికాగో నుంచి వెళ్లి గలీనాను ఒక్క రోజులో చూసి రావడం ఎలా?

షికాగో చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు వేసవి వస్తే ఒకటే తలనొప్పి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు డౌన్‌టౌన్ చూపించడం, అరోరా వెంకన్న గుడికి తీసుకెళ్లడం అయిపోయాక ఇంకెక్కడికి? నన్నడిగితే గలీనా అంటాను. ఇల్లినాయ్ రాష్ట్రానికి వాయవ్య మూలన, మూడు వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు. చాలామంది మెయిన్ స్ట్రీట్‌లో ఫడ్జ్ కొనుక్కుని, నాలుగు ఫొటోలు దిగి తిరిగొచ్చేస్తారు. అలా చూస్తే ఊరు అర్థం కాదు. ఏటి ఒడ్డున మొదలుపెట్టి మెట్లెక్కుతూ చూడాలి.

1. పొద్దున్నే బయల్దేరండి

దూరం దాదాపు 160 మైళ్లు, కారులో మూడు గంటలు. రైలు లేదు. శాకాహారులుంటే పులిహోరో చపాతీలో కట్టుకెళ్లడం మేలు. చివర్లో రూట్ 20 మీద ఒక్కసారిగా కొండలు మొదలవుతాయి. మంచుయుగంలో హిమానీనదాలు ఇల్లినాయ్‌లో చాలా భాగాన్ని చదును చేశాయి గానీ ఈ మూలకు రాలేదు. అప్పటిదాకా మొక్కజొన్న చేలు చూసి చూసి కునుకు తీస్తున్నవాళ్లను ఇక్కడ లేపండి.

2. కారు ఏటి పక్కన పెట్టండి

పాత రైల్వే డిపో దగ్గర కారు ఆపి, గలీనా నదిని ఒకసారి చూడండి. నది అంటారు గానీ చూడటానికి మన ఊరి వాగంత ఉంటుంది. ఒకప్పుడు మిసిసిపీ నుంచి స్టీమర్లు ఇక్కడి దాకా వచ్చేవి. చుట్టుపక్కల గనుల్లో తవ్విన సీసం ఈ రేవు నుంచే వెళ్లేది. ఖనిజం కరిగించే కొలిమిలకు, ఇతర అవసరాలకు కొండల మీద చెట్లన్నీ నరికేశారు. మట్టి కొట్టుకొచ్చి ఏరు పూడిపోయింది. 1850లలో రైలు రావడంతో రేవుకు ఉన్న గిరాకీ కూడా పోయింది. పాత ఇళ్లు కూలగొట్టి కొత్తవి కట్టే డబ్బు ఊళ్లో లేదు, అందుకే ఆ ఇటుక మేడలు ఇవాళ్టికీ నిలిచి ఉన్నాయి.

3. ముందు గ్రాంట్ ఇల్లు

డిపో ఉన్న ఒడ్డునే, కాస్త ఎత్తున ఉంటుంది. 1860లో యులిసిస్ గ్రాంట్ ఈ ఊరికి వచ్చి తండ్రిగారి తోలు సామాన్ల దుకాణంలో పనిచేశాడు. ఐదేళ్ల తర్వాత అమెరికా అంతర్యుద్ధం గెలిచిన సేనాధిపతిగా తిరిగొస్తే, ఊరివాళ్లు 1865లో ఈ ఇల్లు బహుమతిగా ఇచ్చారు. 1868లో అధ్యక్షుడిగా ఎన్నికయ్యాక వాషింగ్టన్ వెళ్లిపోయాడు, ఇక్కడ ఉన్నది తక్కువే. లోపలి సామాను చాలావరకు వాళ్లదే. వారంలో కొన్ని రోజులు మూసి ఉంచుతారు, వేళలు చూసుకుని వెళ్లండి.

భోజనం అదే ఒడ్డున ఉన్న గ్రాంట్ పార్కులో కానిచ్చేయండి.

4. వంతెన దాటి మెయిన్ స్ట్రీట్‌కు

రూట్ 20 వైపు వీధి మొదట్లో పెద్ద ఆకుపచ్చ ఇనుప తలుపులు కనిపిస్తాయి. వరదొస్తే వీధిని మూసేయడానికి పెట్టినవి. 1855లో తెరిచిన డిసోటో హౌస్ హోటల్ ఇంకా నడుస్తోంది. 1856లో లింకన్ దాని బాల్కనీ నుంచి ప్రసంగించాడు. గ్రీన్ స్ట్రీట్‌లో పోస్టాఫీసు చూడటం మరిచిపోవద్దు. దాని నిర్మాణాన్ని పర్యవేక్షించింది సెనెకా అనే అమెరికా ఆదివాసీ తెగకు చెందిన ఇంజనీరు ఈలీ పార్కర్. గ్రాంట్‌తో స్నేహం ఈ ఊళ్లోనే కుదిరింది. 1865లో వర్జీనియాలోని అపొమాటాక్స్ దగ్గర దక్షిణాది సేనాధిపతి లీ గ్రాంట్‌కు లొంగిపోయినప్పుడు ఆ షరతుల ప్రతిని రాసింది కూడా ఈయన చెయ్యే. నాకైతే ఊరంతటిలో ఈ కథే ఎక్కువ నచ్చింది.

5. మెట్లెక్కండి

మెయిన్ స్ట్రీట్ వెనక కొండ మీదికి మెట్ల దారులున్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను మాత్రం కారులోనే పైకి తీసుకెళ్లండి. పైన బెంచ్ స్ట్రీట్‌లోని మ్యూజియంలో పాత గని గొయ్యి తొంగిచూడొచ్చు. ఊరికి పేరిచ్చిన గలీనా ఖనిజం దగ్గర్నుంచి చూడండి: ఉలితో చెక్కినట్టు చదరపు అంచులు, కొత్త స్టీలు గిన్నెలాంటి మెరుపు. ఎక్కడైనా కొంటే పసిపిల్లల చేతికివ్వకండి, అది సీసపు ఖనిజం.

6. సాయంత్రం హార్స్‌షూ మౌండ్

ఊరికి తూర్పున ఉన్న గుట్ట ఇది, కారులో కొద్ది నిమిషాలే. ఆకాశం తేటగా ఉంటే ఇల్లినాయ్, అయోవా, విస్కాన్సిన్ మూడూ కనిపిస్తాయి. రాష్ట్రంలో ఎత్తైన చార్ల్స్ మౌండ్ (1,235 అడుగులు) కూడా దగ్గర్లోనే ఉంది గానీ అది ప్రైవేటు స్థలం, వేసవిలో కొన్ని వారాంతాల్లోనే రానిస్తారు.

రాత్రికి ఉండిపోయే వీలుంటే మర్నాడు 15 మైళ్ల దూరంలోని డుబ్యూక్‌లో మిసిసిపీ నది మ్యూజియం చూడొచ్చు, పిల్లలు అక్కణ్నుంచి ఓ పట్టాన కదలరు. అదే రోజు తిరిగొచ్చేట్టయితే వెలుతురుండగానే బయల్దేరండి, చీకటి పడితే జింకలు రోడ్డుకు అడ్డం వస్తాయి.